విహారనౌక మీద నాలుగు రోజులు

కొంతకాలము క్రిందట వజ్రపుకొత్తూరు ప్రాంతమునుండి ఒక శ్రోత మాకు ఉత్తరము వ్రాసినారు. వారి కుమారుడు సరకు ఓడలో పని చేస్తున్నాడట. తల్లిదండ్రులను విశాఖపట్నములో విహారనౌక ఎక్కించి నాలుగు రోజులు సముద్రము మీద త్రిప్పి తీసుకొని రావలెనని ఆ అబ్బాయి పట్టు పట్టినాడట. "అరవై ఏండ్లుగా సముద్రము ప్రక్కనే బ్రదుకుతున్నాము. డబ్బిచ్చి దాని మీదికి పోవడ మెందుకు? అదీగాక నాకు కిడ్నీ జబ్బు ఉన్నది. మా ఇంటావిడకు బస్సెక్కితేనే తల తిరుగుతుంది. మావాడు మాత్రము, నేను బ్రదికే చోటు ఎటువంటిదో మీరొక్కసారి చూడవలెనని అంటున్నాడు. పోవచ్చునో పోరాదో ఒక మాట చెప్పండి" - ఇదీ వారి ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానము చెప్పగలిగితే నేను ఉత్తరమే వ్రాసి ఊరుకొందును. కాని ఉద్దానములో ఇప్పుడు ఇంటికొకరు కాకున్నా వీధికొకరు ఓడ ఉద్యోగములలో ఉన్నారు. ఇటువంటి ప్రస్తావన మరికొన్ని ఇండ్లలోను వస్తూనే ఉంటుంది. అందుచేత నాకు తెలిసినంతలో కొంచెము వివరముగా చెబుతాను. 2025 వేసవి పోయిన తరువాత మా అమ్మగారిని వెంటబెట్టుకొని నేనొకసారి ఆ ప్రయాణము చేసినాను. చేసిన పొరపాట్లు కూడ నావే గనుక వాటిని దాచను.

ముందుగా ఒక మాట. సముద్రము మీదికి పోవుట మన ప్రాంతము వారికి కొత్త కాదు. బారువ, కళింగపట్నము, భీమునిపట్నము రేవుల ఎదుట ఒకప్పుడు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ వారి ఓడలు లంగరు వేసేవి. ఓడ ఒడ్డుకు రాదు. అలలు దాటించే పడవలలో మనుష్యులను మోసికొనిపోయి ఓడకు చేర్చేవారు. ఆ పోయే వారందరు పోయేది రంగానికి. రంగమనగా బర్మాలోని రంగూను. ఎండకు ఎండి, వానకు తడిసి, డెక్కు మీద చాప పరచుకొని, మూట తల క్రింద పెట్టుకొని పోయిన ప్రయాణములవి. 1917లో రంగూను పోతున్న చిల్కా అనే ఓడ నిప్పంటుకొని మన తీరమునకు వచ్చి నాశమైనది. దాని శిథిలములు బారువ ఎదుట సముద్రము అడుగున ఇప్పటికిని ఉన్నవి. నీటి అడుగున ఈదుట నేర్చిన వారు వాటిని చూడబోతున్నారు కూడ.

మా అమ్మగారి పుట్టినిల్లు టెక్కలికి దగ్గర. ఆమె తాతగారి తమ్ముడొకరు అట్లే రంగము పోయినారు. 1942లో జపాను సేనలు బర్మాలో జొరబడినప్పుడు మనవారు అనేకులు అడవులవెంట కాలినడకను తిరిగి వచ్చినారు గదా. ఆయన రాలేదు. ఆయన పేరు మా ఇంట ఎవరికిని పెట్టలేదు. కనుక ఓడ అనగానే మా అమ్మకు సరదా అనే భావమే తోచదు. "కూలికి పోయినవారు ఎక్కేది గాని, తిని కూర్చోడానికి ఎక్కుతారేటి నాయనా?" అని ఆమె మొదటి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. విహారనౌక అనగా ఒక ఊరికి చేర్చే బండి కాదు, అదే ఊరు. పోయే చోటుకన్న పోవుటయే అందులో ముఖ్యము.

మన విశాఖపట్నమునకు 2022 జూన్ నెలలో అటువంటి నౌక వచ్చినది. పేరు కార్డేలియా ఎంప్రెస్. 1990లో ఫ్రాన్సు దేశమున నిర్మింపబడి, అనేక సంవత్సరములు అమెరికా ప్రక్కనున్న సముద్రములలో వేరు పేర్లతో తిరిగి, తరువాత మన దేశమునకు చేరినది. పొడవు సుమారు 210 మీటర్లు. పదకొండు అంతస్తులు. ఎనిమిది వందలకు కొంచెము తక్కువ గదులు. పరిమాణము 48 వేల టన్నులని చెబుతారు గాని ఈ టన్ను బరువునకు సంబంధించినది కాదు, నౌకలోని ఆవరణమునకు కొలత. పడమటి సముద్రము నైరుతి ఋతుపవనములలో ఉగ్రముగా ఉంటుంది గనుక, బొంబాయి, గోవా వైపు తిరిగే ఆ నౌకను ఆ నెలలలో తూర్పు తీరమునకు తెచ్చి చెన్నై, విశాఖపట్నము, పుదుచ్చేరిల మధ్య నడిపినారు. 2025లో మరల అదే పద్ధతిని వచ్చినది. ఈలోపల 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో విహారనౌకల ప్రయాణికుల కొరకు ప్రత్యేకముగా ఒక టెర్మినల్ భవనము కూడ ప్రారంభమైనది. దానికి 96 కోట్ల రూపాయలు ఖర్చయినవి. ఏ సంవత్సరము ఏ నౌక వచ్చునో ముందే తెలియదు. వచ్చునప్పుడు పత్రికలలో ప్రకటన వెలువడుతుంది.

కొందరు అడుగుతారు, సంతబొమ్మాళి మండలములో మూలపేట వద్ద రేవు కడుతున్నారు గదా, మనము అక్కడనే ఎక్కరాదా అని. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన ఆ రేవు సరకుల రవాణాకు ఉద్దేశింపబడినది. విహారము కొరకు ఎక్కవలెనంటే మనకు విశాఖపట్నమే గతి. పైగా విశాఖలో బయలుదేరిన నౌక దక్షిణమునకే పోతుంది. మన ఉద్దానపు కొబ్బరితోటలు దాని దారిలో లేవు.

ఇక ఖర్చు. మన వైపు డబ్బు లెక్క జీడిపిక్కల బస్తాలలో చెబితేనే మనసుకు పట్టుతుంది. బస్తా అనగా ఎనభై కిలోలు. 2023లో ఆ బస్తాకు 16 వేల రూపాయల ధర కావలెనని పలాస ప్రాంతపు రైతులు ఆందోళన చేసినారు. మా ఇద్దరికి నౌకకు అయిన సొమ్ము ఆ ధర చొప్పున లెక్కవేసినా నాలుగు బస్తాలకు తగ్గలేదు. ఒక ఏజెంటు మొదట చెప్పిన సొమ్ము విని నేను సంతోషించినాను. అది గది అద్దె మాత్రమే. రేవు రుసుము, పన్ను, పనివారి బహుమతి సొమ్ము, ఇవి తరువాత ఒక్కొక్కటిగా చేరినవి. ఆయనను తప్పు పట్టి ప్రయోజనము లేదు. అన్నియు కలిపి ఎంత అని అడుగనిది నేను. కనుక అడుగవలసిన మాట ఒకటే: "నౌక దిగి ఇంటికి పోవువరకు ఇక నేను ఒక్క రూపాయియు ఇవ్వనక్కరలేని సొమ్ము ఎంత?" దానికి జవాబు కాగితము మీద పుచ్చుకొనవలెను.

టిక్కెట్టులో సాధారణముగా గది, మూడుపూటల భోజనము, సాయంకాలపు ఆటపాటలు చేరి ఉంటవి. శీతల పానీయములు, మద్యము, కొన్ని ప్రత్యేక భోజనశాలలు, రేవులలో ఊరు చూపించే బస్సులు, ఫోటోలు వేరు. నౌకలో జూదశాల కూడ ఉంటుంది. తీరము కొంత దూరము తప్పిన తరువాత తెరుస్తారు. పిక్కలమ్మిన డబ్బుతో అక్కడికి పోయి కూర్చున్నవారికి నా సలహా అక్కరలేదు. నౌకలో నోట్లు చెల్లవు. ఒక కార్డు ఇస్తారు. దానిమీద పద్దు పెరుగుతూ పోతుంది. చేతిలో డబ్బు తరుగుట కనబడదు గనుక ప్రతి రాత్రి ఆ పద్దు ఎంతయినదో అడిగి తెలిసికొనుట మంచిది.

గది విషయములో నేను చేసిన తప్పు చెబుతాను. పై అంతస్తులో, నౌక ముందుభాగములో, సముద్రము బాగుగా కనబడే గది తీసికొన్నాను. అమ్మ సంతోషిస్తుందని నా ఊహ. ఉయ్యాల బల్ల చూచినారు గదా, నడుమ కూర్చున్నవానికి ఊపు తక్కువ, కొసలనున్నవారికి ఎక్కువ. నౌకయు అంతే. ముందుభాగము అలలతోపాటు లేచి పడుతుంది. పై అంతస్తు ప్రక్కలకు ఊగుతుంది. రెండవ రాత్రి చిన్న గాలి వచ్చినది. నౌక ప్రక్కలకు ఊగకుండ నీటిలో రెక్కలవంటి సాధనములు ఉంటవి గాని ముందువెనుకల ఊపును అవి ఆపలేవు. అమ్మ రాత్రంతయు లేచి కూర్చొని, "ఇల్లు ఊగుతుందేటి నాయనా" అని గోడ పట్టుకొన్నది. మరునాడు ఆమెను క్రింది అంతస్తులో నౌక నడుమనున్న ఒక కుర్చీలో కూర్చుండబెట్టినాను. గంటలో తేరుకొన్నది. తల తిరుగుడు ఉన్నవారు క్రింది అంతస్తులో, నడుమ భాగములో గది అడిగి తీసికొనవలెను. కిటికీ లేని లోపలి గది చౌక, నిద్రకు మంచిదే. కాని సముద్రవికారము పుట్టినప్పుడు ఆ నాలుగు గోడల మధ్య ఉండుట కష్టము.

ఆ వికారము ఎందుకు పుట్టునంటే, చెవిలోపలి భాగము కదలికను పసిగట్టి చెబుతుంది. కన్ను చూస్తే గది గోడలు కదలకుండ ఉన్నవి. ఈ రెండు సాక్ష్యములు పొసగక మెదడు తికమక పడుతుంది. కనుక బయటికి వచ్చి దూరమున నీరు ఆకాశము కలిసే గీతను చూస్తూ ఉండవలెను. అప్పుడు కన్నును చెవియు ఒకే మాట చెబుతవి. ఖాళీ కడుపు పనికిరాదు, నిండు కడుపును పనికిరాదు. అల్లము ముక్క కొందరికి మేలు చేస్తుంది. పుస్తకము చదువుట, ఫోను చూచుట మానవలెను. మాత్రలు ఉన్నవి, అవి వికారము వచ్చిన తరువాత గాక, ఎక్కడానికి ముందే వేసికొంటే పని చేస్తవి. కాని వాటిలో కొన్ని నిద్రమత్తు కలిగిస్తవి. నీటికాసుల కంటిజబ్బు, మూత్రము కట్టు ఉన్న పెద్దవారికి కీడు చేస్తవి. డాక్టరు నడుగకుండ వేసికొనరాదు. చిత్రమేమంటే, నువ్వలరేవులో తెప్ప మీద పుట్టి పెరిగిన జాలరి కూడ పెద్ద నౌక ఎక్కితే మొదటి రోజు తూలుతాడట. తెప్ప ఊపు వేరు, దీని ఊపు వేరు.

ప్రయాణములో అందరును విసుగుకొనేది, నా దృష్టిలో అన్నిటికన్న ముఖ్యమైనది, ప్రమాద సమయపు అభ్యాసము. నౌక కదలకముందు ప్రయాణికులందరిని పిలిచి, ప్రమాదము వచ్చినప్పుడు ఎక్కడ గుమిగూడవలెనో, తేలుడు కోటు ఎట్లు తొడుగుకొనవలెనో చూపుతారు. ఏడు చిన్న కూతలు, వెనుక ఒక పొడుగు కూత వినబడితే అది ప్రమాద సూచన. 1912లో టైటానిక్ మునిగిన తరువాత ప్రపంచ దేశములు కూడి ఈ నియమములకు పునాది వేసినవి. 2012 జనవరిలో ఇటలీ తీరమున కోస్టా కన్‌కోర్డియా అనే పెద్ద విహారనౌక బండను గ్రుద్దుకొని ఒరిగిపోయినది. 32 మంది మరణించినారు. ఆ నాడే ఎక్కిన అనేకులకు అభ్యాసము ఇంకను జరుగలేదు. దాని తరువాతనే, నౌక కదలకముందే గాని, కదిలిన వెంటనే గాని అభ్యాసము జరిగి తీరవలెనన్న నియమము వచ్చినది. మనకు అంత దూరము పోనక్కరలేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండలకు పోతున్న పడవ మునిగి యాభై మంది వరకు పోయినారు. నౌక పెద్దదైనను పడవ చిన్నదైనను తేలుడు కోటు చూపకముందు కూర్చొనవద్దు. అభ్యాసమునకు పిలిచినప్పుడు మన బంధువర్గము గదిలో పడుకొని "పోనిద్దూ" అంటే, చేయి పట్టి లేపండి.

భోజనము గురించి ఎక్కువ చెప్పను. శాకాహారము దొరుకుతుంది, జైనుల భోజనము కూడ దొరికినది. చెప్పవలసినది చేతుల శుభ్రత. వందలాది మంది ఒకే గరిటెలు పట్టుకొనే చోట వాంతులు విరేచనాలు కలిగించే క్రిములు త్వరగా వ్యాపిస్తవి. వాటిలో కొన్నిటికి చేతికి రాసికొనే మందునీరు చాలదు. సబ్బుతో కడుగుకొనవలెను.

ఇప్పుడు మన ఉద్దానపు మాట. మూత్రపిండముల వ్యాధి మన ఊళ్లలో ఎన్ని కుటుంబములను కుంగదీసినదో నేను చెప్పనక్కరలేదు. దాని కారణము ఇంతవరకు నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో ఈ జబ్బు కొరకు పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు ప్రారంభమైనవి. విహారనౌకలో ఒక డాక్టరు, చిన్న వైద్యశాల ఉంటవి. జ్వరమునకు, గాయమునకు, గుండెనొప్పికి ప్రథమ చికిత్సకు అవి చాలును. డయాలిసిస్ చేసే ఏర్పాటు మామూలుగా ఉండదు. వారమునకు రెండు మూడు మారులు డయాలిసిస్ చేయించుకొనే వారు, మధ్యలో మూడు రోజులు ఖాళీ ఉన్నది గదా అని లెక్కవేసికొని నౌక ఎక్కరాదు. గాలివాన వచ్చి ఒక రోజు ఆలస్యమైతే ఆ లెక్క తలక్రిందులవుతుంది. నడిసముద్రమునుండి రోగిని ఒడ్డుకు చేర్చుట సామాన్యమైన పని కాదు. దాని ఖర్చు రోగి మీదనే పడవచ్చును.

డయాలిసిస్ వరకు పోక, క్రియాటినిన్ కొంచెము పెరిగి మందులతో ఉన్నవారి సంగతి వేరు. వారు డాక్టరు సమ్మతితో పోవచ్చును. కాని నాలుగు సంగతులు మరువరాదు. వాంతులైతే ఒంటిలో నీరు తగ్గి మూత్రపిండములకు దెబ్బ తగులుతుంది. అందుచేత సముద్రవికారము వారికి చిన్న విషయము కాదు. ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు వేసికొనరాదు. నౌక భోజనములో ఉప్పు ఎక్కువ. ఊరగాయ, అప్పడము, సూపు, ఇవి కంటికి ఇంపు, ఒంటికి చెరుపు. పొటాషియము తగ్గించుకొమ్మని డాక్టరు చెప్పినవారు పండ్లరసములు, కొబ్బరినీళ్లు మానవలెను. కొబ్బరితోటలో పుట్టినవానికి ఈ మాట చెప్పుట నాకును కష్టముగానే ఉన్నది. రావలసిన దినములకన్న మూడు నాలుగు దినములకు ఎక్కువ మందులు, వైద్యుని చీటీ చేతిసంచిలో ఉండవలెను, పెట్టెలో కాదు. పెట్టెను ఎక్కేటప్పుడు తీసికొని సాయంకాలమునకు గాని గదికి చేర్చరు.

ప్రయాణమునకు ముందుదినమే విశాఖపట్నము చేరండి. పలాసలో గాని, టెక్కలి వారు నౌపడలో గాని ఉదయపు బండి ఎక్కి మధ్యాహ్నమునకు నౌక అందుకొందామనుకొనుట సాహసము. బండి ఆలస్యమైనదని నౌక నిలువదు. బయలుదేరే గంటకు చాల ముందే తలుపులు మూస్తారు. మన దేశపు రేవుల మధ్య తిరిగే నౌకకు ఆధార్ వంటి గుర్తింపు కాగితము చాలును. పరదేశపు రేవు తగిలితే పాస్‌పోర్టు కావలెను. నిండు నెలలకు దగ్గరపడిన గర్భిణులను, పసికందులను నౌకలు ఎక్కనీయవు. తీరము కనుమరుగైన కొంతసేపటికి ఫోను మూగపోతుంది. అప్పుడది నౌకలోని ఉపగ్రహపు తీగకు తగులుకొంటే బిల్లు చూచి బిత్తరపోవలసి వస్తుంది. విమానములో వలె ఫోనును మూసి ఉంచండి. ఊరిలో ఉన్నవారికి, నాలుగు రోజులు మాట అందదు, గాబరా పడవద్దని ముందే చెప్పి పోండి.

నౌక చెప్పిన రేవులో ఆగి తీరునను భరోసా కూడ లేదు. 2022 జూన్‌లో పుదుచ్చేరి ప్రభుత్వము అనుమతి నిరాకరించినందున ఆ నౌక ప్రయాణికులు ఆ ఊరిలో దిగలేకపోయినారు. 2025లో దిగగలిగినారు. గాలి, అల, అనుమతి - ఏది అడ్డుపడినను దారి మార్చే హక్కు టిక్కెట్టు షరతులలోనే వ్రాసి ఉంటుంది. ఆ చిన్న అక్షరములు చదువుట మనకు అలవాటు లేదు. ఋతువు మాట కూడ ఆలోచించండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన వజ్రపుకొత్తూరు దగ్గర తీరము దాటి తోటలను నేలమట్టము చేసినది. అంతకు ముందు 2013 ఫైలిన్, 2014 హుద్‌హుద్, రెండును అక్టోబరులోనే వచ్చినవి. అక్టోబరు, నవంబరు నెలలలో బంగాళాఖాతము మీద విహారమును నేను ఎవరికిని సలహా ఇవ్వను.

అంత సొమ్ము లేదు, సముద్రము మాత్రము చూడవలెననే వారికి వేరొక దారి ఉన్నది. విశాఖపట్నమునుండి అప్పుడప్పుడు అండమాను దీవులకు ప్రభుత్వ నౌక పోతుంది. పోర్టు బ్లెయిరునకు, 2024లో దాని పేరు శ్రీ విజయపురమని మార్చినారు, సుమారు రెండున్నర రోజుల ప్రయాణము. ఆటపాటలు లేవు. భోజనము భోజనమే. కాని మన శ్రీకాకుళపు తీరమునుండి తరతరములుగా పోయి ఆ దీవులలో చేపలవేట చేసుకొంటున్న కుటుంబములు అందులో కనబడుతవి. చదువుకొనే రోజులలో నేనొకసారి దానిలో పోయినాను. నా ప్రక్క పడకనున్న ముసలాయన సోంపేట మాటలో రెండు రాత్రులు కథలు చెప్పినాడు. పదకొండంతస్తుల నౌకలో నాకు అటువంటి పరిచయము ఒక్కటియు కలుగలేదు.

అయినను ఆ ఖర్చు వృథా అని చెప్పలేను. మూడవ రోజు తెల్లవారుజామున అమ్మ నన్ను లేపి బయటికి తీసికొనిపోయినది. సూర్యుడింకా రాలేదు. "మన కళింగపట్నము ఎటు?" అని అడిగినది. ఉత్తరము చూపినాను. "మరి రంగం?" తూర్పు చూపినాను. చాలసేపు అటే చూస్తూ నిలుచున్నది. తరువాత, కాఫీ ఏ అంతస్తులో ఇస్తారని అడిగినది.

వజ్రపుకొత్తూరు శ్రోతగారూ, తమకు నేను వ్రాయదలచిన జవాబు ఇది. ముందుగా తమ క్రియాటినిన్ కాగితముతో పలాస ఆసుపత్రిలో డాక్టరును అడుగండి. వారు కాదంటే ఆ మాటే కడపటిది. మీ అబ్బాయి సెలవు మీద వచ్చినప్పుడు విశాఖ రేవునకు తోడుకొనిపోయి ఒడ్డుననే నిలిచి ఓడలను చూపించుమనండి. వారు సరే అంటే, జూన్, జూలై నెలలలో మూడు రాత్రుల ప్రయాణము చాలును. తమ శ్రీమతిగారికి క్రింది అంతస్తులో నడుమ గది. ఆ సొమ్ము అప్పు చేసి తేవద్దు. అబ్బాయి జీతములోనుండి ఇస్తానంటే కాదనవద్దు. టిక్కెట్టు కొనే ముందు, ప్రయాణము మానుకొంటే ఎన్ని రోజుల ముందు చెబితే ఎంత తిరిగి ఇస్తారో కాగితము మీద వ్రాయించుకొనండి. ఆ కాగితము వచ్చువరకు బయానా పంపవద్దని అబ్బాయికి ఈ రాత్రే ఫోను చేసి చెప్పండి.